చెరువు కట్ట మీద సముద్రపామె

ఆమె చనిపోయిందన్న కబురు నాకు చెప్పింది, ఆమె చెయ్యి విరగ్గొట్టినవాడే.

చేపల సంఘం పెద్ద గంగారాం మా దుకాణం మెట్టు మీద నిలబడి, లోపలికి రాకుండా, "సముద్రపామె పోయిందట తమ్మీ. సిరిసిల్ల దవాఖానల. జరమట," అన్నాడు. నేను కుట్టు మిషన్ ఆపలేదు. చేతిలో ఉన్న ప్యాంటు కాలు పూర్తిగా కుట్టి, దారం తెంపి, అప్పుడు అడిగాను, "నీకెవలు చెప్పిండ్రు?" అని. అతను రోడ్డుకు అవతలి పక్క చూశాడు. ఆమె కూర్చునే జాగాలో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్మే అతను గొడుగు పాతుకున్నాడు. గంగారాం వెళ్ళిపోయాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆమె సంగతి ఏది విన్నా నాకు ముందు వచ్చేది కోపమే. చావు కబురుకు కూడా అదే వచ్చింది.

కోరుట్లలో అంగడి రోడ్డు మీద మాది దర్జీ దుకాణం. దానికి ఎదురుగా ఆమె ఎండు చేపల గంప దించిన మొదటి రోజే మాకు పోట్లాట అయింది. పెళ్ళి బట్టలకు కొలతలిద్దామని వచ్చినవాళ్ళు ముక్కులు మూసుకుని వెనక్కి పోతున్నారు. నేను పోయి, గంప అవతలికి జరుపుకో అన్నాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి, గంపలోంచి కర్రలా ఎండిన పొడుగాటి చేప ఒకటి తీసి, నా భుజం మీద ఒక్కటి వేసింది. చేప తలకాయ విరిగి నా చొక్కా జేబులో పడింది. బజారంతా నవ్వింది. "ఇరగ్గొట్టీసినావు కదా, ఇంక ఇది నువ్వే కొనుక్కో," అంది. కొన్నాను. నా భార్య దాన్ని చింతపండు వేసి పులుసు పెట్టింది. బాగుందని ఒప్పుకోక తప్పలేదు.

ఆమె ఎక్కడో ఉత్తరాంధ్ర సముద్రపు ఒడ్డు మనిషి. మొగుడితో కలిసి సిరిసిల్ల పక్క డ్యాములో చేపలు పట్టడానికి వచ్చి, మొగుడు పోయాక ఇక్కడే ఉండిపోయింది. ఒక రోజు కోరుట్ల, ఒక రోజు సారంగాపూర్, ఒక రోజు జగిత్యాల అని అంగళ్ళు తిరిగేది. పేరు అడిగితే, "ఎందుకు, పెళ్ళి సేసుకుంటావేటి?" అనేది. దాంతో అందరికీ ఆమె సముద్రపామె అయింది. చుట్ట తాగేది, అది కూడా నిప్పు ఉన్న కొసను నోట్లోకి పెట్టుకుని. మా దగ్గర బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఇంటింటికీ ఉన్నారు గానీ, నిప్పును నాలుక పక్కన పెట్టుకుని బేరం చేసే ఆడమనిషిని ఎవరూ చూసి ఎరగరు. చూడ్డానికి వచ్చినవాళ్ళను కూడా ఆమె కొట్టేది. గంపలో వేలు పెట్టి గిల్లితే వేలు మీద, కుక్క వస్తే కుక్క మీద, గంపను బస్సెక్కనివ్వని కండక్టర్ వస్తే కండక్టర్ మీద, అదే ఎండు చేప. దెబ్బలు తిన్నవాళ్ళే మళ్ళీ వచ్చి కొనుక్కునేవారు. ఆ సంగతి నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఎవరింటికి పోయినా కూర్చోకముందే ఒక మాట అడిగేది. "నీల్లు ఎటునుంచి ఒస్తాయి?" ఇంటివాళ్ళు నల్లా చూపించేవారు. "అది కాదు. ఒచ్చీసినప్పుడు ఎటునుంచి ఒస్తాయి?" అని గదమాయించేది. మా ఇంటికి వచ్చిన రోజు ఆ ప్రశ్న అడగలేదు. మా పెరటి గోడ వెనకాల చెరువు కట్ట మా ఇంటి కప్పు కన్నా ఎత్తుగా లేచి ఉంటుంది. ఆమె కట్ట దగ్గరికి పోయి, వంగి, మట్టి మీద అరచెయ్యి ఆనించి, వాసన చూసుకుంది.

"నువ్వు సెరువు కిందన ఉన్నావు," అంది.

"మా తాతలకానించి గీడనే ఉన్నమక్కా," అన్నాను.

"మా ఊరూ తాతలనాటిదే," అంది, టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

తన ఊరి సంగతి ఆమె ఒక్కసారే సరిగ్గా చెప్పింది. మిట్టమధ్యాహ్నం అంగడి పలచబడ్డాక, నా దుకాణం నీడలో కూర్చుని చెప్పింది. సముద్రానికీ ఊరికీ నడుమ మడ చెట్లు ఉండేవట. వేళ్ళు బురదలోంచి పైకి లేచి ఉంటాయట, వాటి సందుల్లో పీతలు, రొయ్య పిల్లలు పెరుగుతాయట. రొయ్యల చెరువుల కోసం ఎవరో వచ్చి ఆ చెట్లు కొట్టమంటే, ఊరివాళ్ళే కూలికి పోయి కొట్టారు. ఆమె మోపులు మోసింది. తర్వాత తుపానులు ఎక్కువయ్యాయి, అల అడ్డం లేకుండా లోపలికి రావడం మొదలుపెట్టింది. ఏటా ఒక వరస ఇళ్ళు పోయేవి. ఊరంతా ఇసక దిబ్బ మీద కూర్చుని చూసేది. తర్వాత ఎవరిల్లు పడుతుందో పందేలు కాసుకునేవారు.

"మా ఇల్లు పడిపోయినప్పుడు కూడా కూకుని సూసినాను. పక్కన ముసల్ది సెనగలు పెట్టింది. తిన్నాను," అని తన తొడ మీద తనే పిడికిలితో గుద్దుకుంది. ఒకసారి కాదు. నేను చెయ్యి పట్టుకుని ఆపితే ఆ పిడికిలి నా వైపు తిరిగింది.

ఆ తర్వాత నాకు ఆమె కొట్టడంలో ఒక తేడా తెలిసింది. గంపలో చెయ్యి పెట్టినవాణ్ణి నవ్వుతూ కొట్టేది. ఊరికే నిలబడి చూసేవాణ్ణి మాత్రం నవ్వకుండా కొట్టేది. ఒక వానాకాలం మా చెరువు మత్తడి దూకిందని ఊరంతా తిరణాలకు పోయినట్టు పోయాం. నిండిన చెరువులో మిగిలిన నీళ్ళు బయటికి దూకడానికి కట్ట చివర రాళ్ళతో కట్టిన చోటును మేం మత్తడి అంటాం. నీళ్ళు దూకుతుంటే ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఆమె గుంపులోకి వచ్చి, దగ్గర్లో ఉన్న ఒకతని ఫోన్ లాక్కుని నీళ్ళలోకి విసిరింది. అతను ఆమె జుట్టు పట్టాడు. ఆమె అతని చెయ్యి కొరికింది. విడదీసేసరికి ఆమె పళ్ళకు నెత్తురుంది. "సూత్తారేటి? ఆ జాలి సూడండి, ఎలగ మూసుకుపోనాదో!" అని అరుస్తోంది. జాలి సంగతి ఆ రోజు ఎవరికీ ఎక్కలేదు, కొరకడం మాత్రం అందరికీ గుర్తుండిపోయింది.

జాలి గురించి చెప్పాలి. ప్రభుత్వం ఇచ్చిన చేప పిల్లలను మా సంఘంవాళ్ళు చెరువులో వదులుతారు. చెరువు నిండి మత్తడి దూకితే ఆ చేపలు కూడా నీళ్ళతో పాటు వాగులో పడి పోతాయి. అందుకని మత్తడికి అడ్డంగా ఇనుప చట్రాలు బిగించి, వాటికి సన్న జాలి కడతారు. నీళ్ళు పోతాయి, చేపలు ఉంటాయి. ముసురు పట్టి వారం రోజులు మెల్లగా కురిసే వానలకు అది బాగానే పనిచేసేది. ఇప్పుడు అట్లాంటి వానలు ఎక్కడివి? నెలంతా ఎండ కొట్టి, ఒక్క పూటలో ఆకాశం మొత్తం కుమ్మరించి పోతోంది. ఆ ఉధృతికి చెరువులో ఉన్న గుర్రపుడెక్కంతా, ఊళ్ళో ఉన్న ప్లాస్టిక్కంతా కొట్టుకొచ్చి జాలికి అతుక్కుంటుంది. నీళ్ళకు దారి ఉండదు. అవి కట్ట మీదికి చూస్తాయి. కట్ట కింద మా వాడ ఉంది.

శ్రావణంలో అట్లాంటి వాన ఒకటి పొద్దున మొదలై మధ్యాహ్నానికి కూడా ఆగలేదు. నేను దుకాణంలో చొక్కాకు గుండీలు కుడుతున్నాను. ఆమె తడిసి ముద్దయి వచ్చింది.

"లెగు. నీ ఇల్లు మునిగిపోతన్నాది, నువ్వు బొత్తాలు కుట్టుకుంటన్నావా?"

"వాన తగ్గుతున్నదక్కా. సంఘపోల్లు చూసుకుంటరు."

ఆమె నా కాలర్ పట్టి లాగింది. కాలర్ చిరిగి చేతికి వచ్చింది. నడిబజార్లో దర్జీవాడి కాలర్ చిరగడం కన్నా నామర్దా ఇంకోటి లేదు. తిట్టుకుంటూ వెంట నడిచాను. పక్క దుకాణం ముందు మురుగు మోరీ పని చేసేవాళ్ళు గడ్డపార వదిలి పోయారు. అడగకుండా భుజాన వేసుకుంది.

కట్ట ఎక్కాక నా తిట్లు ఆగిపోయాయి. నీళ్ళు కట్ట అంచుకు జానెడు కింద ఉన్నాయి. మా పెరడు వైపు కట్ట పాదంలో ఒక చోట బురద నీళ్ళు కట్ట లోపలి నుంచి ఊరి బుడగలు బుడగలుగా పైకి ఉబుకుతున్నాయి. మత్తడి దగ్గర జాలి కనపడనే లేదు. గుర్రపుడెక్క, థర్మాకోల్ పళ్ళాలు, సీసాలు, దేవుళ్ళకు కట్టిన ఎర్రగుడ్డలు గోడలా అతుక్కుని ఉన్నాయి. వాటి మీద నీటి పాములు చుట్టుకుని పడుకున్నాయి. చేతులతో లాగడానికి చూశాం. నేను ఒక మోపు పీకితే రెండు మోపులు వచ్చి పడుతున్నాయి. ఆమె గడ్డపార తీసి చట్రం సందులో పెట్టింది.

అప్పుడే గంగారాం, అతని వెంట సంఘంవాళ్ళు కట్టెలు పట్టుకుని వచ్చారు.

"ముట్టినవంటే గీడనే పాతిపెడ్త!" అని అరిచాడు గంగారాం. తర్వాత నన్ను చూసి గొంతు తగ్గించాడు. "తమ్మీ, నువ్వన్న జెప్పు. యాడాది కష్టం అండ్ల ఉన్నది. మా ఇండ్లల్ల పొయ్యిలు దాని మీదనే ఎలుగుతయ్. వాన ఎలుస్తున్నది, జర సేపు ఆగుండ్రి. గీ కట్ట గింతకన్న పెద్ద నీల్లు చూసింది."

అతను అన్నది కొట్టిపారేసే మాట కాదు. వాన నిజంగానే పలచబడుతోంది. నేను ఆమె వైపు చూశాను. ఆమె నోట్లోంచి చుట్ట తీసి, నిప్పు కొస గంగారాం ఛాతీ మీదికి విసిరి, గడ్డపార మీద ఒళ్ళంతా వేసి వాలింది. నేనూ వాలాను. ఎందుకు వాలానంటే, ఆ బుడగలు మా పొయ్యింటి గోడకు ఎదురుగా ఉన్నాయి.

చట్రం ఊడింది. నీళ్ళు ఒక్కసారి ఉరికాయి. నీళ్ళలో తెల్లగా బొచ్చెలు, రవ్వులు, మోచెయ్యంత చేపలు ఎగిరెగిరి వాగులో పడుతున్నాయి. వాటిని చూసి సంఘంవాళ్ళలో ఒక పెద్దాయన తల కొట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అప్పుడు కింద వాడలోంచి జనం ఉరికి రావడం కనిపించింది. ఆడా మగా, వాడ వాడంతా. ఆమె గడ్డపార వదిలేసి రెండు చేతులూ ఎత్తి, "ఒచ్చినారు! ఒరే దర్జీ, ఒచ్చినారు!" అని చిన్నపిల్లలా ఎగిరింది. అంత సంతోషంగా ఆమెను అంతకు ముందు గానీ తర్వాత గానీ చూడలేదు. దగ్గరికి వచ్చాక చూస్తే వాళ్ళ చేతుల్లో బకెట్లున్నాయి, దోమతెరలున్నాయి, చీరలున్నాయి. ఎవరూ కట్ట ఎక్కలేదు. అందరూ వాగులో దిగారు.

ఇక ఏమైందో వరసగా చెప్పడం నా వల్ల కాదు. సంఘంవాళ్ళు వాగులోకి దూకి, చేపలు పట్టేవాళ్ళను కట్టెలతో బాదారు. వాళ్ళు బకెట్లతో తిరిగి బాదారు. ఒక ఆడమనిషి కొంగులో చేప పట్టుకుని, దాన్ని వదలకుండానే ఒకతని మొహం రక్కింది. నా ముందు పన్ను ఊడింది సంఘం దెబ్బకు కాదు, మా వాడ మనిషి బకెట్ తగిలి. ఆమె అందరినీ కొడుతోంది, అటువాళ్ళనూ ఇటువాళ్ళనూ. "కట్ట మీదికి రండి! మట్టి ఎయ్యండి! సేపలు కాదురా!" అని గొంతు చించుకుంటోంది. గంగారాం వెనక నుంచి వచ్చి గడ్డపార ఎత్తాడు. తల మీదికే ఎత్తాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఆ ఎముక విరిగిన చప్పుడు అంత నీళ్ళ హోరులోనూ నాకు వినిపించింది.

సాయంత్రానికి వాన వెలిసింది. కట్ట తెగలేదు.

తెగలేదు కాబట్టి తప్పంతా ఆమెదయింది. వాడవాళ్ళకు చేపలు దొరకాలని కావాలనే తీసిందన్నారు, ఆంధ్రామె మన చెరువును నాశనం చేసిందన్నారు. ఆ పూట ఇంట్లో చేపల కూర తిన్నవాళ్ళు కూడా అదే అన్నారు. జాలి తీయకపోతే కట్ట తెగేదా అని నన్ను చాలామంది అడిగారు. నాకు తెలియదు. అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. తెలియదు అంటే ఎవరూ ఊరుకోరు, అదే నా బాధ.

సంఘం పంచాయితీ పెట్టి ఆమెను పిలిపించింది. కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని వచ్చింది. ఇక మీదట కట్ట ఎక్కకూడదని పెద్దమనుషులు చెప్పారు. ఆమె లేచి నిలబడింది. "మల్లీ అలగ వానొస్తే మల్లీ ఒస్తాను. ఇంకో సెయ్యుంది," అంది. ఒకతను లేచి ఆమె వీపు మీద తన్నాడు. ఆమె కింద పడి, లేచి, మట్టి దులుపుకుని మళ్ళీ అదే మాట అంది.

మరుసటి ఏడు అట్లాంటి వాన మళ్ళీ వచ్చింది, ఆమె మళ్ళీ వచ్చింది. విరిగిన చెయ్యి వంకరగా అతుక్కుంది, దాంతో బరువు ఎత్తలేదు. ఎడమ చేత్తో గడ్డపార ఈడ్చుకుంటూ కట్ట ఎక్కింది. సంఘంవాళ్ళు ముందే కట్టెలతో నిలబడి ఉన్నారు. బూతులు తిట్టారు, నరుకుతామన్నారు. ఆమె, నేను చట్రం ఊడదీశాం. ఊడాక కొట్టారు. ఆ పూట నాకు ఒకటి వింతగా తోచింది. అంతమంది చేతుల్లో కట్టెలున్నా, జాలి ఊడేదాకా ఒక్క దెబ్బ పడలేదు. ఆమెతో అంటే, దవాఖాన మంచం మీద పెదవి వాచిపోయి, "సేతగాని ఎదవలు," అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆ తర్వాత ఆమె సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి వైపు మకాం మార్చింది. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి పోయేవాళ్ళు పొద్దున్నే ఎండు చేపలు బాగా కొంటారని చెప్పింది. నేను ఒకసారి పోయి చూసి వచ్చాను. ఒళ్ళు సగమైంది. కూర్చోమనకుండానే, "మీ సెరువు ఎలగుంది?" అంది. మా పిల్లలెట్లా ఉన్నారని ఆమె ఎప్పుడూ అడగలేదు.

చావు కబురు తెలిసిన కొద్ది రోజులకే ఈ ఏటి వాన వచ్చింది. పొద్దున్నుంచి కురిసిన వాన మధ్యాహ్నానికి చెరువును అంచుదాకా తెచ్చింది. నేను పోయేసరికి కట్ట మీద ఎప్పుడూ లేనంత జనం ఉన్నారు. సంఘంవాళ్ళు ఒక పక్క, వాడవాళ్ళు ఒక పక్క. జాలి మూసుకుపోయి ఉంది. కట్ట పాదంలో ఈసారి బుడగలు కాదు, వేలంత ధారగా నీళ్ళు పోతున్నాయి. ఎవరూ కదలడం లేదు. అందరూ కట్ట మొదలు వైపు, రోడ్డు వైపు చూస్తున్నారు. ఎందుకు చూస్తున్నారో నాకు కాసేపు అర్థం కాలేదు.

బీడీలు చుట్టే ముసలమ్మ ఒకామె బయటికే అనేసింది. "గా సముద్రపామె ఇంక రాకపాయె. ఫోన్ గొట్టుండ్రి ఎవలన్న."

"ఆమె సచ్చిపోయిందవ్వా," అన్నాను.

కట్ట మీద ఒక్కసారే అందరూ అరవడం మొదలుపెట్టారు. జాలి తీయమని వాడవాళ్ళు, ముట్టుకుంటే ఊరుకోమని సంఘంవాళ్ళు కాలర్లు పట్టుకున్నారు. ఒకతని తల పగిలి నెత్తురు వానలో కలిసి చొక్కా అంతా పారింది. గంగారాం నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. అతని మొహం చూస్తే భయమేసింది.

"తమ్మీ, కట్ట ఆగదని మాకు తెల్వదా?" అన్నాడు. "పోయిన్సారీ తెల్సు, అంతకు ముంగటేడూ తెల్సు. మేం తీస్తే మావోల్లే మమ్ముల బతుకనియ్యరు. గామె తీసింది, గామెను కొట్టినం. చేపలు పాయె, కోపం తీరె, కట్ట నిలవడె. గిట్లనే నడుస్తదనుకున్న."

నేను అతని చెంప మీద కొట్టాను. ఉన్న బలమంతా పెట్టి కొట్టాను, ఇంకోటి కూడా కొట్టాను. అతను చెయ్యెత్తలేదు. కళ్ళు తుడుచుకుని, సంఘంవాళ్ళ దగ్గరికి పోయి, ఒకతని చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు.

"నేను తీస్తున్న," అన్నాడు. "ముందుగాల ఎవ్వలు అడ్డం రావద్దు. తీసినంక నన్ను గూడ కొట్టుండ్రి."

అతను దిగాడు. నేను రెండో పక్క దిగాను. వాడవాళ్ళలో కొందరు మా వెనక దిగి గుర్రపుడెక్క లాగారు, కొందరు ఇసుక సంచులు మోసుకుని ధార పడే చోటికి ఉరికారు. బకెట్లు పట్టుకుని వాగులోకి పోయినవాళ్ళూ లేకపోలేదు. చట్రం ఊడింది, చేపలు పోయాయి. అంచు నుంచి నీళ్ళు దిగడం మా కళ్ళకు కనపడుతుండగానే సంఘంవాళ్ళు గంగారాంను కట్ట మీదికి లాగారు. మొదటి దెబ్బ అతని సొంత అన్న కొడుకుది. గంగారాం చేతులు అడ్డం పెట్టుకోలేదు.